400 మీద ఇరుక్కున్న ల్యాప్‌టాప్: లినక్స్‌లో ప్రాసెసర్ వేగం అంకెల డైరీ

యంత్రం, ఫిర్యాదు

సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్. ఇంటెల్ కోర్ ఐ5-8250యూ, 4 కోర్లు, 8 త్రెడ్లు (ఒక్కో కోర్‌కి రెండు పని వరుసలు), 8 జీబీ ర్యామ్. డెబియన్ 12 (లినక్స్ రకాల్లో ఒకటి), కెర్నల్ (దాని మూల ప్రోగ్రాం) 6.1. వాడేది మా తమ్ముడు. ప్యానెల్‌లో ప్రాసెసర్ వేగం చూపించే విడ్జెట్ ఎక్కువసేపు 400 మెగాహెర్ట్జ్ దగ్గరే ఉంటోంది. మధ్యలో ఉన్నట్టుండి 2,700కో 3,400కో ఎగిరి మళ్ళీ 400కి పడిపోతోంది.

"ఒక్కోరోజు నిజంగానే నత్తనడక నడుస్తుంది అన్నయ్యా, ఒక్కోరోజు బాగానే ఉంటుంది. అంకె మాత్రం రెండు రోజులూ అదే" అన్నాడు. పనంతా ఈ మాట చుట్టూనే తిరిగింది. యంత్రం బాగున్నప్పుడూ 400, పాడైనప్పుడూ 400 అయితే ఆ 400 దేన్ని కొలిచి చెబుతోంది?

ఇదే తిప్పలు పడేవాళ్ళు నేరుగా వాడుకోవడానికి వీలుగా రాస్తున్నాను. గవర్నర్ (వేగాన్ని ఎంచే విధానం) మార్చండి, ఫలానా డ్రైవర్ ఆపేయండి అనే సలహాలు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి. అవేవీ ముట్టుకోకముందు 1, 2 దశలు పూర్తి చేయండి.

దశ 0: ఎవరెవరు ఏమంటున్నారు

బ్రౌజర్ మూసేసి, ఏ పనీ లేకుండా వదిలేసి తీసిన అంకెలు ఇవి:

1. ‘ప్రాక్’ ఫోల్డర్‌లోని ‘సీపీయూఇన్ఫో’: ఎనిమిది త్రెడ్లలో ఆరింటికి 400.000, మిగతా రెండింటికి సుమారు 1,100, 2,700.
2. అక్కడే మోడల్ పేరు పక్కన: 1.60 గిగాహెర్ట్జ్.
3. బూట్ సందేశాల్లో టీఎస్‌సీ (చిప్ లోపలి గడియారం) వరుస: 1800.000 మెగాహెర్ట్జ్.
4. డీఎంఐడీకోడ్ కమాండ్‌లో ‘కరెంట్ స్పీడ్’: 1600.
5. ఎల్ఎస్‌సీపీయూ కమాండ్‌లో ‘స్కేలింగ్ ఎంహెచ్‌జెడ్’: 23 శాతం.
6. సీపీయూపవర్ కమాండ్: హార్డ్‌వేర్‌ను అడగడం కుదరలేదు అని ఒక వరుస, దాని కింద కెర్నల్ చెప్పిందంటూ 400.

చిప్ ఒక్కటే, ఆరు జవాబులు.

లెక్క: తేలినవి 0/6. ఖర్చు రూ. 0.

దశ 1: కొలతలు కానివాటిని తీసేయడం

మోడల్ పేరులోని 1.60 తయారీలోనే చిప్‌లో రాసేసిన అక్షరాలు. చిప్ ఏ వేగంతో నడిచినా అది మారదు. కొట్టేయండి.

డీఎంఐడీకోడ్ చూపేది బయోస్ (బోర్డులో ఉండే మూల ప్రోగ్రాం) రాసిపెట్టిన పట్టిక. అందులోని ‘కరెంట్’ అంటే బూట్ అయిన నాటి మాట, ఇప్పటి సంగతి కాదు. దాని కింద ‘మ్యాక్స్ స్పీడ్’ అని ఉండేది కూడా ఆ బోర్డు ఎంతవరకు తట్టుకోగలదో చెప్పేదే తప్ప మీ చిప్ గరిష్ఠ వేగం కాదు. దాన్ని చూసి ఆశపడొద్దు.

1800 దగ్గర కాస్త ఆగాలి. 1.60 అని పేరున్న చిప్‌కి లినక్స్ 1800 అంటే తప్పు పట్టుకున్నామనే అనిపిస్తుంది. కానీ అది సరైనదే. టీఎస్‌సీ అనేది చిప్ లోపల ఎప్పుడూ ఒకే వేగంతో నడిచే గడియారం. కోర్ వేగం పెరిగినా తగ్గినా, నిద్రపోయినా దానికి పట్టదు. ఈ చిప్ 15 వాట్లకు 1.6 గిగాహెర్ట్జ్ బేస్ (మామూలు) వేగంతో అమ్ముడవుతుంది. తయారీదారు కావాలనుకుంటే 1.8కి పెంచి అమర్చుకునే వీలు కూడా ఉంది. టీఎస్‌సీ ఆ 1.8 దగ్గరే నడుస్తుంది. ఈ 1800ని గుర్తుపెట్టుకోండి, 3వ దశలో దీని అవసరం పడుతుంది.

ఎల్ఎస్‌సీపీయూది పేరులోనే తికమక. ఎంహెచ్‌జెడ్ అని రాసి పక్కన శాతం ఇస్తుంది. అన్ని త్రెడ్ల ప్రస్తుత వేగాల మొత్తాన్ని గరిష్ఠ వేగాల మొత్తంతో భాగిస్తే వచ్చే సంఖ్య అది. ఆరు 400లు, ఒక 1,100, ఒక 2,700 కలిపితే 6,200. ఎనిమిది 3,400లు 27,200. భాగిస్తే 23 శాతం. అంటే ఇది సొంతంగా ఏమీ కొలవలేదు, కెర్నల్ అంకెలనే వండి వడ్డించింది. సీపీయూపవర్‌దీ అదే కథ.

లెక్క: తేలినవి 5/6. మిగిలింది కెర్నల్ ఇచ్చే అంకె ఒక్కటే. ఖర్చు రూ. 0.

దశ 2: లినక్స్‌ను అడగకుండా కొలవడం

కెర్నల్ అంకెను నమ్మాలో వద్దో తేలాలంటే కెర్నల్‌తో సంబంధం లేని కొలత ఒకటి కావాలి. ఒక్కో చుట్టుకు కచ్చితంగా ఒక సైకిల్ పట్టే లూప్ రాసి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టడం అన్నింటికంటే తేలిక.

మొదట సీ భాషలో మామూలు ‘ఫర్’ లూప్‌తో ప్రయత్నం. ‘ఓ2’ (కోడ్‌ను కుదించి వేగం పెంచమనే ఎంపిక)తో కంపైల్ చేస్తే ప్రోగ్రాం మొదలవుతూనే అయిపోయింది. లూప్ వల్ల ఉపయోగం లేదని కంపైలర్ దాన్ని మొత్తంగా పీకేసింది. ‘ఓ0’తో చేస్తే లూప్ నిలిచింది గానీ లెక్క 0.6 గిగాహెర్ట్జ్ దగ్గర తేలింది. ఆప్టిమైజేషన్ లేకపోతే కౌంటర్ ప్రతి చుట్టుకూ మెమరీలోకి వెళ్ళి వస్తుంది, ఒక్కో చుట్టుకు 5, 6 సైకిళ్ళు పడతాయి. ఈ దశలో ఆగిపోతే బంగారం లాంటి చిప్‌ను పాడైపోయిందని పక్కన పడేసే ప్రమాదం ఉంది.

పనిచేసిన పద్ధతి:

1. లూప్‌ను ఇన్‌లైన్ అసెంబ్లీలో రాయండి. రిజిస్టర్‌లోని (చిప్ లోపలి చిన్న గడిలోని) సంఖ్యను ఒకటి తగ్గించే ‘డెక్’, సున్నా కాకపోతే వెనక్కి దూకే ‘జెఎన్‌జెడ్’, ఈ రెండే. ఇంటెల్ కోర్ ఈ రెంటినీ కలిపి ఒక్క సైకిల్‌లో చేస్తుంది.
2. చుట్లు 10,000 కోట్లు పెట్టండి. తక్కువైతే వేలితో స్టాప్‌వాచ్ నొక్కే ఆలస్యమే కొలతను మింగేస్తుంది.
3. టాస్క్‌సెట్ కమాండ్‌తో ఒక త్రెడ్‌కి కట్టేయండి. నేను 2వ నంబర్ త్రెడ్ తీసుకున్నాను.
4. అదే కోర్‌లో ఉండే జంట త్రెడ్ ఖాళీగా ఉండేలా చూడండి. రెండింటి మీదా ఇదే లూప్ నడిస్తే ఇద్దరూ పంచుకుంటారు, వేగం సగానికి పడినట్టు కనిపిస్తుంది.
5. చుట్ల సంఖ్యను సెకన్లతో భాగించండి.

బ్యాటరీ మీద ఫలితం: ‘టైమ్’ కమాండ్ 29.5 సెకన్లు అంది, ఫోన్ 29.6 అంది. భాగిస్తే 3.39 గిగాహెర్ట్జ్. ఈ చిప్ టర్బో (బేస్ వేగాన్ని దాటి ఎక్కే) గరిష్ఠం 3.4.

దీంతో రెండు విషయాలు ఒకేసారి తేలాయి. చిప్ పూర్తి వేగం అందుకోగలుగుతోంది. లినక్స్ గడియారం కూడా సరిగ్గానే నడుస్తోంది. ఫోన్‌కీ ‘టైమ్’కీ తేడా పెద్దగా వస్తే టీఎస్‌సీ కాలిబ్రేషనే తప్పిందని అర్థం. అప్పుడు యంత్రంలోని ప్రతి వేగం అంకే తప్పవుతుంది, గోడ గడియారంతో పోలిస్తే సిస్టం సమయం కూడా జారుతుంది.

లెక్క: తేలినవి 5/6. నమ్మదగిన కొలబద్ద ఒకటి చేతికొచ్చింది. ఖర్చు రూ. 0.

దశ 3: చిప్ లోపలి కౌంటర్లు

ప్రతిసారీ స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చోలేం. చిప్‌లో ఇందుకోసమే రెండు కౌంటర్లు ఉన్నాయి. ఎంపర్ఫ్, ఎపర్ఫ్. రిజిస్టర్ నంబర్లు హెక్స్‌లో ఇ7, ఇ8. రెండూ కోర్ మేల్కొని ఉన్నప్పుడే నడుస్తాయి. ఎంపర్ఫ్ టీఎస్‌సీ వేగంతో, ఎపర్ఫ్ కోర్ అసలు వేగంతో. ఎపర్ఫ్ పెరుగుదలను ఎంపర్ఫ్ పెరుగుదలతో భాగించి టీఎస్‌సీ వేగంతో గుణిస్తే, మేల్కొని ఉన్నంతసేపూ ఆ కోర్ సగటున ఎంత వేగంతో నడిచిందో వస్తుంది.

1. ‘ఎంఎస్ఆర్’ మాడ్యూల్ లోడ్ చేసి, ఎంఎస్ఆర్ టూల్స్ ప్యాకేజీ పెట్టుకోండి.
2. 2వ త్రెడ్ మీద లూప్ నడుస్తుండగా ఆర్‌డీఎంఎస్ఆర్‌తో రెండు కౌంటర్లూ చదవండి.
3. 10 సెకన్లు ఆగి మళ్ళీ చదవండి.

నాకొచ్చిన తేడాలు: ఎంపర్ఫ్ 1,799 కోట్లు, ఎపర్ఫ్ 3,391 కోట్లు. భాగిస్తే 1.885. దాన్ని 1,800తో గుణిస్తే 3,393. స్టాప్‌వాచ్ చెప్పిన 3.39తో అతికినట్టు సరిపోయింది.

1800 గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. మోడల్ పేరులోని 1,600తో గుణిస్తే 3,016 వస్తుంది. అది నమ్మశక్యంగానే కనిపించే తప్పు, అందుకే ప్రమాదకరం. ఎక్కడి నుంచో తెచ్చుకున్న స్క్రిప్ట్‌లో బేస్ వేగాన్ని పేరులోంచి పీకుతుంటే ఈ చిప్ మీద అది ఎప్పుడూ తొమ్మిదో వంతు తక్కువే చూపిస్తుంది.

వ్యవధి మరీ తగ్గించొద్దు. 0.1 సెకను పెట్టి చూస్తే 3,400 దాటిన అంకెలు వచ్చాయి. ఈ చిప్‌కి అది సాధ్యమే కాదు. ఎపర్ఫ్ చదివే కమాండ్‌కీ ఎంపర్ఫ్ చదివే కమాండ్‌కీ మధ్య ఉన్న ఖాళీయే అక్కడ కొలతను తినేసింది.

ఈ లెక్కంతా టర్బోస్టాట్ చేసిపెడుతుంది. డెబియన్‌లో అది సీపీయూపవర్ ప్యాకేజీతోనే వస్తుంది. ఖాళీగా ఉన్న యంత్రంలో అది ఇచ్చిన వరుస: సగటు 34, బిజీ 1.52 శాతం, బిజీ వేగం 2,237, టీఎస్‌సీ 1,800.

ఇక్కడ 34 నిజమే, 2,237 కూడా నిజమే. నూటికి ఒకటిన్నర వంతు సమయమే కోర్లు మేల్కొన్నాయి, మేల్కొన్నప్పుడు 2,237తో పనిచేశాయి, మొత్తం సమయానికి పరిస్తే 34. అబద్ధమేదైనా ఉంటే అది 400. అది ఈ వరుసలో ఎక్కడా లేదు.

లెక్క: తేలినవి 5/6. కొలబద్దలు రెండు, రెండూ ఒకే మాట. ఖర్చు రూ. 0.

దశ 4: ఆ 400.000 ఎక్కడిది

విడ్జెట్ చదివేది ‘స్కేలింగ్_కర్_ఫ్రీక్’ అనే ఫైలు. సీపీయూఇన్ఫో కూడా కెర్నల్‌లో అదే లెక్కను అడుగుతుంది. ఆ లెక్క ఎన్నో చేతులు మారింది. 2017లో 4.13 కెర్నల్ సీపీయూఇన్ఫోలో మారని అంకె ఒక్కటే చూపించేలా చేసింది. గొడవ అయ్యాక 4.15 నాటికి ఎపర్ఫ్, ఎంపర్ఫ్ ఆధారంగా ప్రస్తుత వేగం చూపించడం మొదలైంది. అప్పట్లో ఎవరైనా ఈ అంకె అడిగితే కెర్నల్ ఒక్కో కోర్‌నూ తట్టిలేపి కౌంటర్లు చదివేది. నిద్రపోతున్న కోర్‌ని లేపి ‘ఎంత వేగంతో నిద్రపోతున్నావు’ అని అడగడమన్నమాట.

2022లో 5.19తో ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు టైమర్ టిక్ (క్రమం తప్పకుండా మోగే కెర్నల్ గంట) వచ్చినప్పుడల్లా కోర్ తన కౌంటర్లను తానే నమోదు చేసుకుంటుంది. అడిగినప్పుడు ఆ నమోదు 20 మిల్లీసెకన్ల కంటే పాతదైతే కెర్నల్ దాన్ని వదిలేసి, డ్రైవర్ (చిప్ వేగాన్ని నడిపే కెర్నల్ భాగం) దగ్గర రాసిపెట్టి ఉన్న అంకె ఇచ్చేస్తుంది. నిద్రపోయే కోర్‌కి టిక్ ఉండదు కాబట్టి నమోదు ఎప్పుడూ పాతదే. ఈ యంత్రంలో డ్రైవర్ దగ్గర రాసి ఉన్నది కనిష్ఠ వేగం, అంటే 400.

నిర్ధారణకు పాత లైవ్ యూఎస్‌బీ, కెర్నల్ 5.4తో బూట్ చేశాను. యంత్రం అదే, ఖాళీ అదే. 400.000 ఒక్కటీ లేదు, ఎనిమిది త్రెడ్లూ ఎగుడుదిగుడు అంకెలు చూపించాయి. తిరిగి 6.1లోకి వస్తే మళ్ళీ 400లు.

దీన్నిబట్టి చిన్న గుర్తు ఒకటి దొరికింది. ఆ ఫైలు కిలోహెర్ట్జ్‌లో ఉంటుంది. అందులో 400000 అని సున్నాలు శుభ్రంగా ఉంటే అది కొలత కాదు, రాసిపెట్టిన అంకె. కొలిచినదైతే 399871, 2236904 లాగా చివర్లు గజిబిజిగా ఉంటాయి.

లెక్క: తేలినవి 6/6. ఖర్చు రూ. 0. కానీ ‘ఒక్కోరోజు నిజంగానే స్లో’ అన్న మాట అలాగే మిగిలింది.

దశ 5: నిజమైన 400

తమ్ముడు స్లో అయిందన్న సమయంలోనే లూప్ నడిపించాను. 30 సెకన్లు, నిమిషం, రెండు నిమిషాలు దాటిపోయింది. చివరికి నాలుగు నిమిషాల పది సెకన్లకు ఆగింది. 10,000 కోట్లను 250తో భాగిస్తే 40 కోట్లు, అంటే 400 మెగాహెర్ట్జ్. లూప్ నడుస్తుండగా ఫైలు చూస్తే 399871. సున్నాలు లేవు. ఈసారి అంకె నిజమే చెబుతోంది.

చార్జర్ పీకేశాను. లూప్ 29.5 సెకన్లకే అయిపోయింది. మళ్ళీ పెడితే 250 సెకన్లు. అనుమానం వేడి మీదా సాఫ్ట్‌వేర్ మీదా తొలగిపోయి చార్జర్ మీదికి మళ్ళింది.

చార్జర్ పెట్టి ఉండగా హెక్స్ 19సి రిజిస్టర్ (చిప్ వేడి స్థితి చెప్పేది) చదివితే వచ్చినది: 8837000సి. దీన్ని విప్పడం ఇలా:

1. మధ్యలోని 37 హెక్స్, అంటే 55. గరిష్ఠ ఉష్ణోగ్రతకు ఇంకా అంత దూరం ఉందని అర్థం. ఈ చిప్ గరిష్ఠం 100 కాబట్టి ఇప్పుడున్నది 45 డిగ్రీలు. వేడే లేదు.
2. చివరి ‘సి’ అంటే బిట్లు 2, 3 వెలిగి ఉన్నాయి. బిట్ 2: ప్రోక్‌హాట్ (‘వేడెక్కింది, వేగం తగ్గించు’ అనే) సంకేతం ఇప్పుడు ఉంది. బిట్ 3: ఇంతకుముందెప్పుడో వచ్చింది.
3. బిట్ 0 సున్నా. అంటే వేడెక్కానని చిప్ తనంతట తాను చెప్పడం లేదు. సంకేతం బయటి నుంచి వస్తోంది.

చిప్ చల్లగా ఉన్నా బయటి సర్క్యూట్ ఏదైనా ప్రోక్‌హాట్ తీగను లాగితే ప్రాసెసర్ కనిష్ఠ వేగానికి దిగిపోతుంది. ఇక్కడ లాగుతున్నది చార్జర్‌ను గుర్తించని ఫర్మ్‌వేర్ (బోర్డులోని ప్రోగ్రాం). బయోస్ సెటప్‌లో చూస్తే అడాప్టర్ రకం దగ్గర ‘తెలియదు’ అని ఉంది. పాత చార్జర్ పోయాక తమ్ముడు ఒక షాపులో కొన్న డూప్లికేట్ అది. "65 వాట్లే సార్, ఏదైనా ఒకటే" అని ఇచ్చారట. వాట్లు సరే. ఈ రకం చార్జర్ల మొనలో మధ్యన సన్నని పిన్ ఒకటి ఉంటుంది, ‘నేను ఫలానా వాట్ల చార్జర్‌ని’ అని ల్యాప్‌టాప్‌కి చెప్పేది అదే. దీనికి పిన్ ఉంది, దాని మీద కబురే లేదు.

హెక్స్ 1ఎఫ్‌సి రిజిస్టర్ చివరి బిట్‌ను సున్నా చేస్తే చిప్ బయటి ప్రోక్‌హాట్‌ను పట్టించుకోదు. పరీక్ష కోసం సెక్యూర్ బూట్ ఆపి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు రాశాను. వేగం వెంటనే 3,390కి ఎక్కింది, కారణం ఖాయమైంది. వెంటనే తిరిగి ఒకటి చేశాను. దీన్నే బూట్ స్క్రిప్ట్‌లో శాశ్వతంగా పెట్టుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను పెట్టను. చార్జర్ ఎంత కరెంటు ఇవ్వగలదో ల్యాప్‌టాప్‌కి తెలియని స్థితిలో, బోర్డు మీది పవర్ సర్క్యూట్ వేడెక్కి ‘ఆగు’ అనడానికి ఉన్న తీగను తెంపేయడమే అది.

మార్చినది: కంపెనీ చార్జర్, రూ. 1,650. పెట్టగానే బయోస్‌లో 65 వాట్లు అని కనిపించింది, లూప్ 29.5 సెకన్లు. మార్చాక రిజిస్టర్‌లో బిట్ 3 ఇంకా వెలిగే ఉంటే కంగారు పడొద్దు. అది పాత సంగతి గుర్తుపెట్టుకునే బిట్, చెరిపేదాకా పోదు. చూడాల్సింది బిట్ 2.

లెక్క: తేలినవి 6/6, అసలు లోపం 1/1. ఖర్చు రూ. 1,650.

దశ 6: విడ్జెట్ మార్పు

పాత విడ్జెట్‌లో ‘మారకుండా ఉన్న అంకె’కీ ‘కొలిచిన అంకె’కీ తేడా తెలియదు కాబట్టి తీసేశాను. దాని బదులు:

1. టర్బోస్టాట్‌ను సిస్టమ్‌డీ సర్వీస్‌గా (వెనకాల నడిచే పనిగా) రూట్ (నిర్వాహకుడి) హక్కులతో నడపడం. సమ్మరీ వరుస ఒక్కటే, కాలమ్‌లు రెండే: బిజీ శాతం, బిజీ వేగం. వ్యవధి 5 సెకన్లు.
2. దాని అవుట్‌పుట్‌ను పైప్‌లో పంపి, వచ్చిన ప్రతి వరుసతో ‘రన్’ ఫోల్డర్‌లో చిన్న ఫైలును తిరగరాయడం. నేరుగా ఫైలులోకే రాయిస్తే అది పెరుగుతూనే పోతుంది.
3. ప్యానెల్ ఆ ఫైలు మాత్రమే చదవడం. దానికి రూట్ అక్కర్లేదు.

ఇప్పుడు ప్యానెల్‌లో "2% · 2237" అని ఉంటుంది. శాతం పక్కన లేకుండా వేగం ఒక్కటే చూపిస్తే తమ్ముడు మళ్ళీ ఫోన్ చేస్తాడు, అందుకే రెండూ.

దశ 7: తప్పుగా కనిపించి తప్పు కానివి

అన్ని త్రెడ్ల మీదా కంపైలేషన్ పెడితే మొదట్లో 3,400కి దగ్గరగా ఉండి, అర నిమిషంలోపు జారి ఆ తర్వాత చాలా తక్కువలో నిలబడుతోంది. ఇది కొలతలో తప్పు కాదు, దీర్ఘకాల పవర్ పరిమితి 15 వాట్లు. పవర్‌క్యాప్ ఫోల్డర్‌లోని ఇంటెల్ రాపల్ ఫైళ్ళలో ఆ పరిమితి మైక్రోవాట్లలో కనిపిస్తుంది. దాన్ని పెంచలేదు.

గవర్నర్ దగ్గర ‘పవర్‌సేవ్’ అని చూసి భయపడొద్దు. ఇంటెల్_పీస్టేట్ (చిప్ వేగాన్ని నడిపే డ్రైవర్) యాక్టివ్ పద్ధతిలో ఉండేవే రెండు, పవర్‌సేవ్, పెర్ఫార్మెన్స్. పవర్‌సేవ్ అంటే కనిష్ఠ వేగంలో కట్టేయడం కాదు. 3.39 వచ్చిన కొలతలన్నీ దాని కిందే తీసినవి.

ఇంట్లో ఉన్న పాత ఐ5-3210ఎం మీద ఇంటెల్_పీస్టేట్ ఆపి బూట్ చేస్తే గరిష్ఠం 2501 అని వస్తుంది. ఆ చివరి 1 మెగాహెర్ట్జ్ కాదు. 2500 బేస్, దానికి ఒకటి కలిపిన అంకె ‘టర్బోకి వెళ్ళొచ్చు’ అనే గుర్తు. అసలు వేగం 3,100 దాకా పోతుంది, ఈ పట్టికలో కనపడదు. వర్చువల్ మెషీన్‌లోనైతే అసలు వెతకొద్దు. మామూలుగా లోపలికి ఎపర్ఫ్ కౌంటర్ అందదు, కనిపించేది ఎప్పుడూ కదలని ఒకే అంకె. హోస్ట్‌లో కొలుచుకోండి.

టర్బోస్టాట్ వ్యవధి 1 సెకనుకు తగ్గించి చూశాను. ఖాళీ యంత్రంలో బిజీ శాతం పెరిగింది. కోర్లను లేపుతున్నది ఆ కొలతే. 5 దగ్గరే ఉంచేశాను.

లెక్క: మొత్తం ఖర్చు రూ. 1,650. డూప్లికేట్ చార్జర్‌ను షాపు వెనక్కి తీసుకోలేదు.